ఎర్రన్న బోటుకి ఇరవై అడుగులు

భావనపాడులో ఎండు నెత్తళ్ళు అమ్మే గున్నమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా 2016లో పిల్లలచేత తాబేళ్ళ పుస్తకం రాయించింది ఆవిడే. పొద్దున్నే ఇసుకలో తాబేలు పాకిన జాడ కనిపిస్తే చాలు, నెత్తిమీది తట్ట దించేసి పిల్లల్ని కేకేసేది.

"సూసిందే రాయండర్రా. లేనిపోనివి రాసేరంటే తంతాను."

"రాసి ఏటి సేస్తావే మామ్మా?" అని కుర్రకారు ఎగతాళి చేస్తే, "నీ పెళ్ళికి సదివిస్తాన్రా" అనేది.

జనవరి ఆఖర్లో ఒక తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళింది. పిల్లల్లో ఒకడైన ఈశ్వర్ ఆ గూడున్న చోటును ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'ఎర్రన్న బోటుకి ఇరవై అడుగులు.' మార్చిలో నలభై ఎనిమిదో రోజొచ్చింది. ఇక నేడో రేపో పిల్లలు బయటికొస్తాయి. సరిగ్గా మర్నాడే ఆ ఇసుకంతా వలలు ఆరేస్తారట. వలకింద పడితే ఒక్కటీ బతకదు.

"గూడెక్కడో సూపించు, ఆ ముక్క ఒగ్గేస్తాం. ఒడ్డంతా ఒగ్గేయమంటే ఎలాగే అప్పా?" అన్నాడు ఎర్రన్న గున్నమ్మతో. అదీ న్యాయమే.

ఈశ్వర్ పుస్తకం తీసుకుని పరుగెత్తాడు, నీళ్ళు నిండిన కళ్ళతో తిరిగొచ్చాడు. రోజూ వేటకెళ్ళొచ్చే బోటు, ఖాళీ ఉన్నచోటల్లా లాగే బోటు! అది ఆ రోజు ఎక్కడుందో ఎవరికి గుర్తు? గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన తనకూ అప్పుడు తట్టలేదు.

"ఇంకేటి రాసేరో తిప్పండే."

తర్వాతి పేజీలో బొమ్మ: తాటిచెట్టు, ఇసుకలో పూల తీగ. రాయమంటే గీసిందని అందరూ నవ్వితే, ఎనిమిదేళ్ళ దీవెన చేత్తో మూసుకున్న బొమ్మ అది.

"తాటిసెట్టు నెత్తిన సిలవేటే?"

"గూడుకాడ నిలబడితే అలగే కనపడింది మామ్మా. సెట్టెనక మా చర్చి ఉన్నాది కదా."

గున్నమ్మకు చటుక్కున తట్టింది. నడిసముద్రంలో వల వేసిన చోటు మళ్ళీ దొరకాలంటే, మగవాళ్ళు ఒడ్డుమీది రెండు గుర్తుల్ని ఇలాగే ఒక వరసలోకి తెచ్చుకుంటారు. దీవెన చెయ్యి పట్టుకుని ఒడ్డు వెంట గబగబా నడిచింది. నడవగా నడవగా శిలువ వచ్చి తాటిమట్టల మీద కూర్చుంది. ఎదురుగా బొమ్మలో ఉన్న ఊదాపూల తీగే. ఆ వరసంతా తన తట్టలు బోర్లించి, వల ఇటు రాకూడదని ఎర్రన్నకు చెప్పింది.

తెల్లవారుతుండగా ఇసుక కదిలింది. పిల్లలు ఎగిరి గంతేశారు. నల్లటి బుల్లి తాబేళ్ళు ఒకదాని మీదొకటి పడుతూ నీళ్ళకేసి పాకుతుంటే, గున్నమ్మ సంతోషం పట్టలేక దీవెనను ఎత్తుకుని ముద్దులాడింది. ఈశ్వర్ పెన్సిలు తీశాడు.

"ఇలగియ్యరా. ఈ పేజీ నాను రాస్తాను."

చతికిలబడి, నీళ్ళలోకి దిగిన ఒక్కో పిల్లకూ ఒక్కో సున్న చుట్టింది. ఈశ్వర్ లెక్కపెడితే నూట మూడున్నాయి.