పెదనాయన చెవి పక్కన అన్న మాట

మొన్న తల తిరుగుతోందంటే మా కోడలు నెల్లూరు తీసుకువెళ్ళి స్కానింగు చేయించింది. కంప్యూటరు మీద బూడిదరంగుగా కనబడుతున్నదాన్ని చూపించి, మనవడి వయసున్న డాక్టరు "ఇదే అవ్వా నీ మెదడు, బాగానే ఉంది" అన్నాడు. అంతటితో ఊరుకోవచ్చుగా! ఉండబట్టలేక, స్పృహ లేకుండా పడి ఉన్నవాళ్ళకు మన మాటలు వినబడతాయా నాయనా అని అడిగాను. కొందరికి వినబడవచ్చనీ, ఎవరికన్నది పైకి చూసి చెప్పలేమనీ అన్నాడు. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అరవైల మొదట్లో, నర్సు ట్రైనింగు పూర్తిచేసి కొత్త ఉద్యోగపు మిడిసిపాటుతో నేనున్న రోజుల్లో, కోవూరు పక్కన మా ఊళ్ళో నాట్లు పడుతుండగా పెదనాయన గట్టుమీద కుప్పకూలాడు. ఆడపిల్లకు ఆ చదువేమిటని అందరూ అంటున్నా, మా నాయనతో పోట్లాడి నన్ను పంపింది ఆయనే. మెదడులో నరం చిట్లింది, ఇక తెలివి రాదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు పెద్ద డాక్టరుగారు. నేను సెలవు పెట్టి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

వారం గడిచినా ప్రాణం పోలేదు. దేనిమీదో ఆశ నిలిచిపోయిందని మావాళ్ళు కాలవకింది మడిలో మట్టి తెచ్చి, నీళ్ళలో కలిపి నోట్లో పోశారు. ఎద్దులను తోలుకొచ్చి కిటికీ దగ్గర నిలబెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయేది. గొంతుకు అడ్డం పడుతుందని ఎంత మొత్తుకున్నా వినేదెవరు! చివరికి, ఆశ నీమీదేనేమో, నువ్వే చెప్పి పంపమని పెద్దమ్మను తీసుకొచ్చారు. మొగుడి ఎదుట ఏనాడూ కూర్చోని మనిషి, ఆవేళ మంచంపట్టె మీద కూర్చుని ఆయన చెవి దగ్గరికి వంగింది. వాళ్ళకున్న ఒక్క కూతురు జ్వరంతో పోయిననాడు ఆయన ఎద్దుల బేరానికి నాయుడుపేటలో ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా రాలేదు. "పాప పోయింది నీవల్ల కాదయ్యా. నాకేం కోపం లేదు. దిగులు పెట్టుకోబాక" అన్నది.

ఆమె లేచి వెళ్ళగానే నేను, ఆ చెవి పక్కనే నిలబడి, మా అన్నతో గట్టిగా అన్నాను: "ఈయనకేం తెలస్తాదన్నా? కట్టె ఒకటీ ఈయన ఒకటీ. ఇట్టా ఈడవకుండా ఎంత బిన్నా పోతే పెద్దమ్మకు అంత సుఖం." పెదనాయన ముఖం ఎప్పటిలాగే ఉంది. మర్నాడు పొద్దున పోయాడు.

ఆయనకేమీ వినబడలేదని నమ్మి ఇన్నేళ్ళు ఉద్యోగం చేశాను, నా చేతులతో ఎందరి కళ్ళో మూశాను. ఇప్పుడా నమ్మకం పోయింది. పోనీ, వినబడలేదనే అనుకుందామంటే, నా మాటతోపాటు పెద్దమ్మ మాటా గాలికి పోయినట్టే కదా! ఆమె మాట అందితే నాదీ అందినట్టే. ఈ రెంటి మధ్యా కొట్టుకులాడుతున్నాను. ఈనాటి ఆస్పత్రుల్లో మనవాళ్ళను అద్దం అవతలనుంచి చూసి రావడమే. లోపలికి పంపినా, ఆ మిషన్ల మధ్య నోరు విప్పడానికి జంకుతాం. మా కాలంలో మట్టినీళ్ళు పోసే పిచ్చితనమూ ఉండేది, ఏళ్ళ తరబడి చెప్పలేనిది చెప్పుకునే వేళా ఒకటి ఉండేది. నన్ను తిట్టుకుంటూ పోయినా సరే, పెదనాయన ఆ రోజు రెండు మాటలూ వినే ఉండాలి.