పలాస జీడిపప్పు మిషనుకు నేను చేసిన వైద్యం

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని నాకు కబురు పెట్టాడు. పప్పు ఏరే కొత్త మిషను రోజూ పొద్దున్నే ఆగిపోతోందట. తెర నల్లబడి, దాని మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు పరుచుకుంటున్నాయట. నేను వజ్రపుకొత్తూరులో ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను. కంప్యూటర్లో మిగతా అన్నిటినీ నడిపించే కెర్నల్ అనే భాగాన్ని రాయడం, బాగుచేయడం నా పని. ఊళ్లోవాళ్లు మాత్రం నన్ను ప్రింటర్లు రిపేరు చేసేవాడిగానే లెక్కేస్తారు. అందుకే పలాసలో సాక్షాత్తూ కెర్నలే కూలిపోతోందని తెలిసి ఎంత మురిసిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ ఫ్యాక్టరీలో మా మేనత్త పనిచేస్తుంది. మిషను రాకముందు ఆవిడా, ఇంకొందరు ఆడవాళ్లూ కూర్చుని పప్పులో గుండు, బద్ద, ముక్క చేత్తో వేరుచేసేవారు. అది వచ్చాక అందరినీ మానిపించి, పొద్దున్నే గంటసేపు మిషను తుడవడానికి అత్తను ఉంచారు. ఈ చలికాలంలో అది మొరాయించడం మొదలెట్టాక మాత్రం, మధ్యాహ్నం దాకా ఏరడానికి పాతవాళ్లందరినీ మళ్లీ పిలుస్తున్నారు. మిషను ఆగితేనే వాళ్లకి పని. ఈ సంగతి అత్త ముందే చెప్పింది. తెలిసే వెళ్లాను.

మొదటిరోజు, పప్పును చూసి రకం తేల్చే కెమెరాను నడిపే ప్రోగ్రాం దగ్గర కూలింది. అది రాసిన మహానుభావుడెవరో గానీ, అతన్ని కడిగేస్తూ ఒక ఉత్తరం కూడా మనసులో రాసేశాను. రెండోరోజు డిస్కు దగ్గర కూలింది. మూడోరోజు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని చోట కూలింది. ఇలా పూటకో చోట పడుతుంటే ముందు మిషను కంప్యూటరు పెట్టెలో ఉండే ర్యామ్ మెమరీ కార్డులు చూడమని కాలేజీ పిల్లలు కూడా చెబుతారు. పెట్టె విప్పి కార్డులు చూడటం నా స్థాయి పని కాదనుకున్నాను.

నాలుగోరోజు నేను ల్యాప్‌టాప్‌లో తలదూర్చి ఉండగా, రోజూలాగే మిషను తుడవడానికి అత్త వచ్చింది. పెట్టె తెరిచి, మెమరీ కార్డులు లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ నొక్కింది. కార్డులు తీసి తుడవమని ఎప్పుడో ఒక మెకానిక్ ఫోన్లో నేర్పాడట. ఆ గుడ్డ గుప్పుమని కొబ్బరినూనె వాసన కొట్టింది.

నూనె ఎందుకని అడిగాను.

"నూనె రాసుకోకుండా జీడిగింజ ముట్టుకుంటే సెయ్యి కాలిపోదేట్రా? ఇక్కడ గాలంతా ఆ జీడే. దానికీ అలాగే రాత్తన్నాను. కొత్తది గదా, పాపం."

అంతే సంగతి. చలికి నూనె గడ్డకట్టి కార్డులు సరిగ్గా ఆనడం లేదు. మధ్యాహ్నానికి రేకుల షెడ్డు వేడెక్కి నూనె కరిగితే మిషను బాగవుతోంది. తన పని లాక్కున్నదాన్ని అత్త తన చేతుల్ని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంది. ఆ జాగ్రత్త వల్లే అది పడిపోయింది. అది పడిపోబట్టే ఆవిడకు పని దొరికింది.

ఇదంతా నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. కార్డులు స్పిరిటుతో తుడిచి పెట్టాను. మిషను మళ్లీ ఆగలేదు. కొబ్బరినూనె ఎప్పుడు గడ్డకడుతుందో, ఎప్పుడు కరుగుతుందో యజమానికి పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన నాకు టీ తెప్పించి, ఇక మీదట మిషనును ఎవరూ ముట్టుకోవద్దని, తుడవడానికి కూడా ఎవరూ రానక్కర్లేదని అక్కడికక్కడే చెప్పేశాడు. అత్త గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు వెలిగింది నాకు.

వారం తర్వాత అత్త మా ఇంటికి వచ్చింది. నిష్ఠూరమాడితే బాగుండుననుకున్నాను. ఆడలేదు.

"మిసను మళ్లీ ఆగుద్దేట్రా?" అంది.

"ఇంక ఆగదత్తా" అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ కంపెనీకీ అంత గట్టిగా మాట ఇవ్వలేదు.

"మంచిదేలే," అంది అత్త. "రోజూ అలా పడిపోతంటే సూడలేకపోయేదాన్ని."