బిడ్డబండి పరీక్ష

మా మామ ఏ సరుకునూ పరీక్ష చేయకుండా అంగడిలోకి తీసుకునేవాడు కాదు. మిరపకాయలైతే తుంచి వాసన చూసేవాడు. శనక్కాయలైతే గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి వినేవాడు. కోడలిని తెచ్చుకునేటప్పుడు కూడా ఇట్లాంటిదేదో చేసే ఉంటాడు, నాకు తెలియలేదంతే. అందుకే బెంగళూరు నుంచి మా చెల్లెలు మడతపెట్టే బిడ్డబండిని పంపినప్పుడు, నేను దాని అట్టపెట్టె తీసీ తీయకముందే ఆయన దాన్ని ఎత్తుకుపోయి కాటా మీద పెట్టాడు.

మాది వేంపల్లె బజారు. కింద అంగడి, పైన ఇల్లు. మధ్యలో నిటారుగా మెట్లు. ఇంటికంతటికీ ఒక్క సెల్‌ఫోను, అదీ మామ జేబులో. పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. పుట్టింటి నుంచి దాన్ని ఎత్తుకుని ఆ మెట్లెక్కిన రోజు నుంచి నేను దిగింది తక్కువ. వంటిల్లు, పడకటిల్లు, మిద్దె, మళ్లీ వంటిల్లు. ఎండాకాలం మా వైపు ఎట్లుంటుందో తెలిసిందే, మధ్యాహ్నం గోడకు వీపు ఆనిస్తే కాలేది. ఒక్కోసారి కిటికీ ఊచలు పట్టుకుని గట్టిగా అరవాలనిపించేది. ఎందుకరుస్తున్నావంటే చెప్పడానికి నా దగ్గర కారణం ఉండేది కాదు. తిండికి లోటా? లేదు. తిట్టేవాళ్లున్నారా? లేరు.

పాప కడుపులో పడకముందు నేను పులివెందుల దోవలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. బస్సులో ఇరవై నిమిషాల దూరం. మా వీధిలో ఇంకో టీచరు ఉండేది, ఇద్దరం కలిసి పోయి కలిసి వచ్చేవాళ్లం. తర్వాత ఆమెకు పెళ్లయి రాయచోటికి వెళ్లిపోయింది. సెలవుల్లో ఆ బడి పెద్దసారు కబురు పంపాడు: బడి తెరవగానే వచ్చి చేరమ్మా, పాపను కూడా తెచ్చుకో, ఆయా చూసుకుంటుంది అని. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఇంట్లో వద్దని ఒక్కరూ అనలేదు. అని ఉంటే కొట్లాడేదాన్ని, నాకు నోరు తక్కువేమీ కాదు. మామ మెల్లగా ఒకే ఒక్క మాట అడిగాడు. "బిడ్డను చంకనేసుకోని, సంచి పట్టుకోని, ఆ బస్సులో యాడ నిలబడతావమ్మా?" నా మొగుణ్ణి అడిగితే, ఆయన సరుకులు కొనేందుకు కర్నూలు పోతూ పోతూ, "నాయనకు ఎట్ల తోస్తే అట్ల" అని చెప్పులేసుకున్నాడు. పాప బరువు నిజంగానే బరువు. కాసేపు ఎత్తుకుంటే నడుం పట్టేసేది. చెల్లెలు మామ ఫోనుకు చేసినప్పుడు ఆ ఏడుపంతా దాని దగ్గర ఏడిస్తే, అది ఈ బండిని పంపింది. బస్సులో మడిచి సీటు పక్కన పెట్టుకోవచ్చక్కా, ఇంగ నిన్నెవురూ ఆపలేరు అని.

కాటా మీద బండి ఆరు కిలోలు కూడా తూగలేదు. "బిడ్డ కన్నా బండే తేలిక" అని మామ మెచ్చుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బండిని పైకి తెచ్చి, విప్పి, నడవలో ఇటు చివర నుంచి అటు చివరకు ఒక్కసారి తోశానో లేదో, మా అత్త చేతులకు పిండితోనే వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, బుద్ధుండాదా నీకు? ఖాళీ ఉయ్యాల ఊపకూడదని తెలీదా?"

"ఇది ఉయ్యాల కాదత్తా, బండి."

"బిడ్డ పండుకునేది ఏదైనా ఒగటే. నిలుపు ముందు!"

సరేనని పాపను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టబోతే దానికీ ఒప్పుకోలేదు. "పరీక్ష చేసేదానికి నీకు బిడ్డే దొరికిందా? మడత ఊడి కింద పడితే?" ఖాళీగా తోయకూడదు, బిడ్డతో తోయకూడదు. ఇంక ఎట్లా తోసేది? నాకు ఒళ్లు మండిపోయింది. మెట్ల దగ్గర నిలబడి వింటున్న మామ కిందికి పోయి, పది కిలోల కందిపప్పు మూట భుజాన వేసుకుని వచ్చాడు. మూటను బండిలో కూర్చోబెట్టి, నడుముకు బెల్టు కూడా పెట్టాడు.

"పాప ఎనిమిది కిలోలే మామా" అన్నాను.

"పెరగదా ఏమి? బస్టాండు దాంక పోయి, బస్సెక్కి దిగి రా. ఎట్లుండాదో చెప్పు."

"బండి బాగుంటే బడికి పోవచ్చా?"

"ముందు బండి సంగతి తేలనీలే."

పాపకు పాలిచ్చి, నిద్రపుచ్చి, అత్త పక్కన పడుకోబెట్టి దిగాను. ఒక్కదాన్నే. బజారులో అడుగు పెట్టాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. నా వెంట ఎవరూ లేరు.

మా బజారంతా నాపరాళ్ల పరుపు. రాయికీ రాయికీ మధ్య వేలు దూరేంత సందు. బండి చక్రాలు చిన్నవి, ప్రతి సందులోనూ ఇరుక్కునేవి. ముందు భాగం కొంచెం లేపి తోస్తే పోతుందని కాసేపటికి అర్థమైంది. పైనున్న గుడ్డ పందిరి జేబురుమాలంత ఉంది, ఎండంతా మూట మొహాన్నే కొట్టింది. పట్టుకునే పిడి మాత్రం నా ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. ఒక్క చేత్తో తోసినా వంకర పోలేదు. గాజుల అంగడి దగ్గర కూర్చునే ముసలి ఖాలా పాపను చూద్దామని వంగి, మూట కనపడగానే నోటి మీద చేయి వేసుకుంది.

"యా అల్లా! కందిబేడలకు షికారా?"

"పాప కన్నా ఇదే బుద్ధిగా కూచుంటాది ఖాలా" అన్నాను. ఇద్దరం పడి పడి నవ్వాం. నేను అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో.

బస్టాండులో పులివెందుల బస్సు నిలబడి ఉంది. అసలు పరీక్ష అక్కడే. మూటను బిడ్డలాగా చంకనెత్తుకుని, కాలితో బండి వెనక కమ్మీని తొక్కి, ఇంకో చేత్తో పిడిని ముందుకు నెట్టాలి. మొదటిసారి నా కాలే నలిగింది. రెండోసారి చీర కుచ్చిళ్లు ఇరుక్కున్నాయి. ఆ తర్వాత టక్కున మడతపడి, గొడుగంత అయింది. బండి ఒక చేతిలో, మూట ఒక చంకలో, ఎత్తైన ఆ మెట్టెక్కి లోపలికి పోయాను. కిటికీ పక్కన సీటు ఖాళీ. కూర్చుంటే మడత బండి నా మోకాళ్లకూ ముందు సీటుకూ మధ్య చక్కగా నిలబడింది. పరీక్ష అయిపోయింది. లేచి దిగడమే తరువాయి.

కండక్టరు విజిలేశాడు. నేను లేవలేదు.

"ఏమ్మా, యాడికి పోతాండావు?"

"వచ్చే స్టేజీకి."

"మూటకు టికెట్టు వద్దులే" అని నవ్వి, నాకొక్కదానికే చించి ఇచ్చాడు. బస్సు ఊరు దాటింది. ఏటి వంతెన వచ్చింది, చీనీతోటలు వచ్చాయి. వేడిగాలి మొహాన్ని కొడుతుంటే కొంగు కూడా సర్దుకోకుండా కూర్చున్నాను. ఇట్లాగే పోతూ ఉంటే చాలు అనిపించింది. అంతలో రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసింది. అక్కడ నా పాప లేచి ఉంటుంది, ఇక్కడ నేను కందిపప్పును ఒళ్లో పెట్టుకుని ఊరేగుతున్నాను. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. వచ్చే స్టేజీలో దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి తిరిగొచ్చాను. దిగడం, ఎక్కడం, మడవడం, విప్పడం రెండోసారి కూడా బాగానే కుదిరింది.

ఇంటికి రాగానే పాపకు పాలిచ్చి, పైకొచ్చిన మామ ముందు నిలబడి అన్నీ చెప్పాను. పందిరి చిన్నది, పైన దుపట్టా కట్టాల. నాపరాళ్ల మీద చక్రం ఇరుక్కుంటాది, లేపి తోస్తే పోతాది. బస్సులో అడ్డం రాలేదు, ఎవురి సాయమూ వద్దు. బేరగాడి మాట విన్నట్టు తల ఊపుతూ విన్నాడు.

"శానా బాగుండాది. ఉంచుకుందాం" అన్నాడు.

"అయితే బడికి వస్తానని పెద్దసారుకు చెప్పమంటారా మామా?"

మామ మూటకున్న బెల్టు విప్పుతూ అన్నాడు. "బిడ్డకు బండి ఉండాది. బిడ్డకు తోడు నువ్వుండావు. నీకు తోడెవురమ్మా?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. "ఇందాక నేనొక్కదాన్నే పోతి కదా మామా, మీరే పంపిస్తిరి."

"అది అంగడి సరుకుతో పోతివి, అంగడి పని. పసిబిడ్డను యేసుకోని దినామూ ఒగదానివే బస్సెక్కితే ఊరేమనుకుంటాది?"

"అయితే నా కన్నా ఆ మూటే నయం" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది, అరిచేదాన్ని. బండి బరువు గురించి, బస్సు మెట్టు గురించి నేను చెప్పిందంతా నిజమే, కానీ ఆయన అడిగింది ఏ రోజూ దాని గురించి కాదు. వీపు వెనక ఎవరో గడియ వేసినట్టయింది.

అప్పుడు వంటింటి గడప మీద నుంచి మా అత్త అంది. "నేను పోతా తోడు."

ఇద్దరం అటు తిరిగాం. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, చేతులనే చూసుకుంటూ చెప్పింది. "పొద్దున పోయి సాయంత్రం వచ్చేదే కదా. వంట చేసి పెట్టే పోతా. బడిలో బిడ్డను నేనే చూసుకుంటా, ఆయా ఎందుకు?"

మామ నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. "బాగుండాదే! మరి మీ ఇద్దురికీ తోడెవురు?" మూట భుజాన వేసుకుని, ఆ నవ్వుతోనే మెట్లు దిగిపోయాడు.

అత్త లోపలికి పోయింది. నేను వెనకే పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా పొయ్యి వైపే తిరిగి నిలబడి ఉంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఇరుక్కున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను, తాళంచెవి ఆమె దగ్గరే ఉందనుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా వైపు చూడకుండానే, కింద ఉన్న మామకు వినపడనంత మెల్లగా అడిగింది.

"ఆలస్యమాయె కదా నువ్వు వచ్చేతలికి. బస్సు కదిలినాక కూడా దిగలేదా?"

"లేదత్తా. స్టేజీ దాంక పోతి."

"కిటికీ పక్కన కూచుంటివా?"

"ఊఁ."

"నన్నెప్పుడూ ఆ పక్క కూచోనీడు మీ మామ" అంది. అప్పుడు నా వైపు తిరిగి, "యేమేమి కనపడె? చెప్పు" అంది.