ప్యాంటు లోపల నాలుగు కుట్లు

మా అక్క కుట్టిన బట్టకు వంక పెట్టిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. చెల్లెలిని కాబట్టి అంటున్న మాట కాదు ఇది. ఒక భుజం వాలినవాళ్ళు, పొట్ట ముందుకొచ్చినవాళ్ళు, వీపు వంగినవాళ్ళు వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వస్తారు. ఆమె కుట్టింది తొడుక్కుంటే ఒంట్లో లోపం బయటికి కనబడదు మరి. ఆ నేర్పే ఒకసారి మా కొంప ముంచబోయింది.

కొట్టంటే అక్కావాళ్ళ ఇంటి ముందు గదే. రెండు మిషన్లు, గుడ్డ కత్తిరించే ఒక పెద్ద బల్ల, కాలు పెట్టే చోట కూడా పీలికలు. నేను కాజాలు, గుండీలు చూస్తాను. అందుకే మా బావ నన్ను ‘గుండీ’ అని పిలుస్తాడు. ఆయన సరుకుల యార్డులో క్రేన్ నడుపుతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఎత్తున గాజుగదిలో కూర్చుని, కింద అందరూ చీమల్లా కనబడతారని మురిసిపోయే మనిషి.

ఒకరోజు పొద్దున ప్యాంటు తెచ్చి అక్క ముందు పెట్టాడు.

“ఇది లూజైంది. కాస్త లోపలికి పట్టు.”

“ప్యాంటు లూజవదు బావా, మనిషే లూజవుతాడు,” అన్నాను.

“నీ గుండీలు నువ్వు చూసుకో,” అని నవ్వాడు. అక్క టేపు చుట్టి చూసి, నడుము దగ్గర అంగుళం తగ్గించి కుట్టేసింది.

రెండు నెలలకు మళ్ళీ అదే ప్యాంటు. ఆ తర్వాత మళ్ళీ. ఈలోపు ఆయన రంగు కూడా మారింది. ముఖం, మోచేతులు నల్లబడ్డాయి. యార్డులో ఎండ కదా అనుకున్నాం. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే చాలనేవాడు. ఉప్పు మాత్రం అరచేతిలో పోసుకుని నాకేవాడు. కుర్చీలోంచి లేవగానే గోడ పట్టుకుని కాసేపు నిలబడేవాడు. నాకది అస్సలు నచ్చలేదు. ఆసుపత్రికి వెళ్ళమని పోరు పెట్టాను.

“మా ఫోర్‌మన్ ఇప్పటికే నన్ను ఎగాదిగా చూస్తున్నాడు,” అన్నాడు బావ. “కళ్ళు తిరుగుతున్నాయని కాగితం మీద పడితే చాలు, క్రేన్ దించేస్తారు. ఈ వయసులో కింద నిలబడి కొక్కేలు తగిలించమంటావా?”

అక్క ఆ రాత్రి చొక్కాలు కూడా తీసి సన్నం చేసింది. నాలుగోసారి ప్యాంటు పట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. మిగిలిన గుడ్డ ఈసారి కూడా కత్తిరించకుండా మడిచి లోపలే కుట్టింది. “మళ్ళీ ఒళ్ళు చేస్తారులే. అప్పుడు విప్పుతాను,” అంది. పొద్దున బావ ఆ బట్టల్లో వీధిలోకి నడిస్తే, నిజం చెప్పాలంటే, చక్కగా ఉన్నాడు. చిక్కాడని ఒక్కరూ అనలేదు.

తర్వాతి వారం ఇద్దరికీ జ్వరం తగిలింది. మామూలు జ్వరమే. అక్కకు వచ్చి రెండు రోజుల్లో పోయింది. బావకు మాత్రం వాంతులు పట్టుకున్నాయి. మూడో రోజు పొద్దున మంచం దిగబోయి నేల మీద కూలిపోయాడు. అప్పుడు కూడా అక్క ఆయనకు ప్యాంటు తొడిగించి, బెల్టు పెట్టించి మరీ ఆటో ఎక్కించింది. ఫోర్‌మన్ ఎక్కడైనా దారిలో కనబడతాడని కాబోలు.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ చూసింది. బీపీ మిషను మూడుసార్లు కట్టింది. డెబ్బై దాటలేదు. సెలైన్ పెట్టించి ప్రశ్నలు మొదలుపెట్టింది.

“ఈమధ్య బరువేమైనా తగ్గారా?”

“లేదు,” అన్నాడు బావ, కళ్ళు మూసుకునే.

డాక్టరమ్మ అక్క వైపు తిరిగింది. “మీరు చెప్పండమ్మా. చిక్కారా?”

“లేదండీ. ఎప్పుడూ ఇంతే,” అంది మా అక్క.

అక్క ముఖంలోకి చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది. అంతమందిలో అక్కను అబద్ధాలకోరుని చెయ్యడం ఎలాగని నేనూ నీళ్ళు నమిలాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, ఎందుకు దాచాలి.

రెండో సెలైన్ సీసా సగమైంది. బీపీ పెరగలేదు. చక్కెర పడిపోయిందన్నారు, అదీ ఎక్కించారు. పిలిస్తే పలకడం మానేశాడు బావ. డాక్టరమ్మ ఎవరికో ఫోన్ చేసి, కారణం తెలియడం లేదని చెబుతోంది. ఆ మాట నా చెవిన పడింది, అక్క చెవినా పడింది.

అప్పుడే నర్సు ఆయన బట్టలు మార్చడానికి ప్యాంటు లాగింది. అది తిరగబడి చేతిలోకి వచ్చింది. నర్సు పక్క కుట్టు మీద వేలు పెట్టి ఆగింది. లోపల నాలుగు వేళ్ళ వెడల్పున గుడ్డ మడత. ఒకదాని పక్కన ఒకటి నాలుగు వరసల కుట్లు.

“ఇది ఎవరు కుట్టారమ్మా?”

అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

“నేనే. ఏడు నెలల్లో నాలుగుసార్లు. మొత్తం అయిదంగుళాలు తగ్గారు. నేను అబద్ధం చెప్పాను.”

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి వచ్చింది. తిట్టలేదు. బావ అరచేయి విప్పి చూసింది. గీతలన్నీ నల్లగా ఉన్నాయి. పెదవి కిందికి లాగి చిగుళ్ళు చూసింది. అక్కడా నలుపే. చిగుళ్ళకు ఎండ తగలదు కదా.

“ఉప్పు ఎక్కువ తింటున్నారా?”

“గుప్పిట్లో పోసుకుని నాకుతున్నాడు,” అన్నాను నేను. అప్పటికైనా నోరు పెగిలింది.

“రక్తం తీయండి. రిపోర్టు కోసం ఆగొద్దు. హైడ్రోకార్టిసోన్ ఇప్పుడే ఇచ్చేయండి,” అంది నర్సుతో.

ఇంజెక్షన్ ఇచ్చారు. బీపీ డెబ్బై రెండు. డెబ్బై ఎనిమిది. అక్క గోడకు చేరగిలబడి, మెడలో ఇంకా వేలాడుతున్న టేపును వేలికి చుడుతూ, విప్పుతూ, చుడుతూ ఉంది. నాకు ఆమె మీద కోపం, జాలి రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. తొంభై అన్నాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

మధ్యాహ్నం బావ కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, “గుండీ, ఫోర్‌మన్‌కి సెలవు చెప్పావా?” నాకు ఒళ్ళు మండిపోయింది.

డాక్టరమ్మ మర్నాడు కూర్చోబెట్టి చెప్పింది. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయట. ఒంటికి కష్టం వచ్చినప్పుడు నిలబెట్టే హార్మోను అవే తయారుచేస్తాయట. బావకు ఆ రెండూ పాడయ్యాయి. చిక్కడం, నల్లబడటం, ఉప్పు కోసం ఆరాటం అన్నీ అందువల్లేనట, నిన్నటి ఇంజెక్షన్‌లో ఉన్నది ఆ హార్మోనేనట. అందుకే అందరికీ వచ్చే జ్వరం ఆయన్ని నేలకూల్చింది.

“ఈ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. బాగున్నానని మానేశారంటే మళ్ళీ ఇదే గతి. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్. ఈ కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.”

“మరి క్రేన్?” అన్నాడు బావ.

“మందు సరిగ్గా వేసుకోండి. ఎక్కొచ్చో లేదో తర్వాత చూద్దాం.”

యార్డు వాళ్ళు మూడు నెలలు కింద కూర్చోబెట్టి లెక్కలు రాయించారు. మళ్ళీ పరీక్షలు చేసి పైకి ఎక్కనిచ్చారు. ఏ ఉద్యోగం పోతుందని చావుదాకా వెళ్ళాడో ఆ ఉద్యోగం పోనేలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఇద్దరినీ కలిపి ఓ దెబ్బ వెయ్యాలనిపిస్తుంది.

ఆయన ఒళ్ళు చేస్తున్నకొద్దీ అక్క లోపలి కుట్లు ఒక్కొక్కటే విప్పింది. నాలుగోది విప్పిన వారంలో బావ కొత్త గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అక్క దాన్ని మడిచి నా చేతికిచ్చింది.

“వీధి చివర టైలరుకి ఇచ్చిరా. కొలతలు కూడా వాడినే తీసుకోమను.”

బావ తెల్లబోయాడు. “ఇంట్లో నువ్వుండగా వాడి దగ్గర కుట్టించుకుంటే జనం నవ్వరా?”

“నవ్వనివ్వండి,” అంది అక్క మిషను మీద నుంచి తలెత్తకుండా. “వాడికి మీ మీద ప్రేమ లేదు. లూజైతే లూజైందని మొహం మీదే చెబుతాడు.”

ఆ టైలరు పనితనం అంతంతమాత్రం. ఒక కాలు అర అంగుళం పొడుగు కుట్టాడు. బావ అదే తొడుక్కుని రోజూ పనికి వెళతాడు. అక్క గుమ్మంలో నిలబడి ఆ వంకర కాలు వీధి మలుపు తిరిగేదాకా చూస్తుంది. సరిచెయ్యదు.