సగం తాగిన గ్లాసు

మహబూబాబాద్ బస్టాండు వెనక జహీరా బేగం కుట్టు దుకాణంలో నర్సింగ్ పిల్లల యూనిఫాంలు తయారవుతాయి. కుట్టేది ఆమె, ఇస్త్రీ చేసేది తమ్ముడు హఫీజ్. ఆ తమ్ముడిని మళ్లీ మనుషుల్లో నిలబెట్టడానికి జహీరా పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఒకప్పుడు హఫీజ్‌కు లోకమంతా తనకు విషం పెడుతోందని భయం. అక్క సగం తాగి ఇస్తే తప్ప మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఈ సంగతి జహీరా ఒక్కరికే చెప్పుకుంది, నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే పద్మలతకు. మంచి దవాఖాన చూపించింది పద్మలతే కాబట్టి ఆ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. మందులు పడ్డాయి, హఫీజ్ తేరుకున్నాడు. ఇప్పుడు తన నీళ్లు తానే ముంచుకుని తాగుతాడు. దుకాణానికి వచ్చేవాళ్లకు అతను ఇస్త్రీ హఫీజన్న, అంతే. జహీరాకు కావలసిందీ అంతే.

మొన్న స్రవంతి అనే విద్యార్థిని యూనిఫాం కోసం వచ్చింది. ఎండకు హఫీజ్ చెమటలు కక్కుతున్నాడు. ఆ పిల్ల తన సీసా మూత తీసి, ముందు తాను ఒక గుక్క తాగి, "తాగు అన్నా, ఏం భయం లేదు" అని అందించింది.

హఫీజ్ చెయ్యి ఇస్త్రీ పెట్టె మీదే ఆగిపోయింది. "గీ మాట నీకెవరు చెప్పిన్రు?"

"మా పద్మలత మేడం రాసిన కథల ఉన్నది అన్నా. క్లాసుల చదివిచ్చింది. అందరం ఏడ్చినం."

పాపం, ఆ పిల్లది మంచి మనసే. జహీరా మాత్రం చెప్పులైనా వేసుకోకుండా పద్మలత ఇంటికి పోయింది.

"కడుపుల పెట్టుకొమ్మని చెప్పిన మాట గదా అక్కా."

"పేరు మార్చిన గదా జహీరా," అంది పద్మలత. "గసుంటి కథ చదివితెనే పిల్లలకు రోగి మనసు ఎరుకైతది. ఉత్త పాఠంతోని కాదు."

పేరు మార్చింది, నిజమే. కుట్టు మిషనును, ఇస్త్రీ పెట్టెను, సగం గ్లాసును మార్చలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. జహీరా వచ్చిన దారినే దుకాణానికి తిరిగొచ్చింది.

హఫీజ్ దుకాణం మూలన కూర్చుని ఉన్నాడు. అప్పటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. జహీరా కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి, పాత అలవాటున సగం తాగి అతని ముందుకు చాపింది.

"పద్మలతక్కకు చెప్పిందెవరు ఆపా?" అన్నాడు.



హఫీజ్ గ్లాసు అందుకుని, ఆ మిగిలిన సగాన్ని గడప బయట పారబోశాడు.