సామిల్లులో చెల్లని మాట

సారీ అనే ఇంగ్లీషు ముక్కకు ఆ సామిల్లు గేటు బయట ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. బస్సులో కాలు తొక్కినవాడిది అదే మాట. ఫోనులో వినపడనివాడిది అదే మాట. పెళ్లికి రాలేకపోయినవాడు, చావింటికి వచ్చినవాడు, సందు చేసుకుని క్యూలో ముందుకు దూరేవాడు, పిల్లని చూసి వద్దనుకున్నవాడు, అందరూ దాన్నే వాడతారు. ఇన్ని పనులకు పనికొచ్చే సరుకు మరొకటి లేదు. ఉప్పు కూడా కాఫీలో పనికిరాదు.

గేటు లోపల మాత్రం ఆ మాటకు జవాబు గూబ మీద పడేది. అక్కడి పద్ధతి వేరు. నీవల్ల ఒకడికి దెబ్బ తగిలితే నోరు మూసుకుని వాడి ముందు నిలబడాలి. వాడికి ఎక్కడ తగిలిందో నీకూ అక్కడే ఒకటిస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక గ్లాసు టీ చెరిసగం తాగుతారు. కక్ష రంపపు పొట్టులో కలిసిపోతుంది. ఒకసారి దుంగ దొర్లించి కూలీ పాదం నలగ్గొట్టిన లారీ డ్రైవరు, పద్ధతి తెలియక, “సారీ బ్రదర్” అంటూ నవ్వాడు. మేస్త్రి ఇచ్చిన గుద్దుకు డ్రైవరు పన్ను ఎగిరి ఆ దుంగలోనే దిగబడిందనీ, ఆ దుంగతో చేసిన కుర్చీ ఇప్పటికీ కూర్చున్నవాణ్ణి కొరుకుతుందనీ చెప్పుకుంటారు. కుర్చీ సంగతి నమ్మకపోయినా పరవాలేదు. పన్ను ఊడిన మాట నిజం.

ఆ మేస్త్రినే అందరూ ‘ఎనిమిది’ అంటారు. ఎడమ చేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. వాటిని తీసింది సొంత బావమరిది.

తల్లి పోయాక ఆ కుర్రాణ్ణి అక్కే పెంచింది. చేతికందాక మేస్త్రి మిల్లులో పెట్టుకుని పని నేర్పాడు. పెద్ద రంపం దగ్గర ఒకడు ముందు ఉండి దుంగను నడపాలి, ముందువాడు ‘తొయ్’ అన్నప్పుడే వెనకవాడు తొయ్యాలి. ఆ రోజు బావమరిది ఎవరితోనో నవ్వుతూ, మాట రాకముందే తోసేశాడు. మేస్త్రి చెయ్యి దుంగతో పాటు వెళ్లింది. రెండు వేళ్లు పొట్టులో పడ్డాయి, పొట్టు ఎర్రబడింది. వాడు వాటిని చూసి, “సారీ బావా” అని, గేటు దాటి పరుగెత్తాడు.

రక్తం కారుతున్న చేతికి తువ్వాలు చుట్టుకుని మేస్త్రి చాలాసేపు గేటు వైపే చూశాడు. పద్ధతి ప్రకారం వాడు తిరిగొచ్చి నిలబడతాడనుకున్నాడు. రాలేదు. అప్పుడు అందరూ వింటుండగా అన్నాడు: “వాడు ఎప్పుడు కనిపించినా ఆ రెండు వేళ్లూ నాకు బాకీ.”

ఏళ్లు గడిచాయి. ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లు లేరు. భార్యకు పుట్టింటివైపు మిగిలింది వాడొక్కడే. ఒక్కసారి మాత్రం ఆమె అంది: “మీ వేళ్లు పోయాయి, ఒప్పుకుంటాను. నాకు తమ్ముడే పోయాడు. ఆ లెక్క ఎవరు చూస్తారు?” మేస్త్రి విననట్టు బీడీ వెలిగించుకున్నాడు.

ఒక ఉదయం, రంపం అప్పుడే ఊపందుకుంటుండగా, బావమరిది గేట్లోంచి నడిచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పల్చబడ్డ జుట్టు. కూలీలు పని ఆపారు. మేస్త్రి చేతిలోని కర్ర పలక కింద పెట్టి, ఎదురెళ్లి, వాడి మొహం మీద గుద్దాడు. వాడు పలకల దొంతి మీద పడ్డాడు. నుదురు చిట్లింది. లేవబోతే డొక్కలో తన్నాడు. వాడు మళ్లీ లేచాడు. ఈసారి దెబ్బకు పెదవి పగిలి ఇస్త్రీ చొక్కా గులాబి తోటయింది. ఎవరూ అడ్డు రాలేదు.

“ఇది వేళ్లకు కాదు,” అన్నాడు మేస్త్రి రొప్పుతూ. “పారిపోయినందుకు.”

“తెలుసు బావా.”

“ఇంతకాలం ఎక్కడ చచ్చావురా?”

“టెలిఫోను ఆఫీసులో. జనం ఫోను చేసి తిడతారు. నేను సారీ చెబుతాను. అదే ఉద్యోగం.”

కూలీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. బావమరిది వాడి వైపు చూడలేదు. “పొద్దున్నించి సాయంత్రం దాకా అదే మాట. లైను పాడైనా, బిల్లు తప్పొచ్చినా, ముసలమ్మకు కొడుకు ఫోను చెయ్యకపోయినా సారీ. నడిచేటప్పుడు స్తంభం తగిలితే స్తంభానికి కూడా చెబుతున్నాను. నీకు చెప్పింది మాత్రం చెల్లలేదు బావా. ఇక్కడ అది చెల్లదని నాకు అప్పుడే తెలుసు.”

అంటూనే నడిచి వెళ్లి రంపం బల్ల మీద ఎడమ చెయ్యి చాపాడు.

“ఆపమంటావా మేస్త్రీ?” అని మిషను దగ్గరవాడు అడిగాడు.

“ఆపమని నేనన్నానా?”

మేస్త్రి ఆ మణికట్టు పట్టుకున్నాడు. మిల్లంతా చుట్టూ మూగింది. రంపం గాలి ఇద్దరి ముఖాలకూ తగులుతోంది. చేతిని జానెడు దూరానికి తీసుకెళ్లాడు. బెత్తెడుకు తెచ్చాడు. వాడు వెనక్కి లాగలేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు, చిన్నప్పుడు అక్క తల దువ్వేటప్పుడు మూసుకున్నట్టే. గోళ్లన్నీ కొరికేసి ఉన్నాయి. మణికట్టులో నాడి పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. ఆ చేతికి దుంగ పట్టడం నేర్పింది తనే.

మేస్త్రి వదిలేశాడు.

“పో. ఇంటికి పో. మీ అక్క ఉంటుంది.”

రంపానికి పదును పెట్టే ముసలాయన గొంతు సవరించుకున్నాడు. “అంతేనా మేస్త్రీ? ఇన్నాళ్లూ మాకు చెప్పిందేమిటి?”

“నీ వేలివ్వు, కోసి చూపిస్తాను,” అన్నాడు మేస్త్రి అటు తిరిగి.

అటు తిరగడమే తప్పయింది. రంపం గొంతు ఒక్క క్షణం మారింది, అంతే. ఇటు చూసేసరికి బల్ల మీద ఎర్రటి చారిక. బావమరిది చిటికెన వేలు సగం లేదు.

మేస్త్రి మిషను ఆపించాడు. తన తలపాగా విప్పి ఆ చేతికి బిగించి కట్టాడు. కట్టడం పూర్తయ్యాక వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. “ఎవడు చెప్పాడ్రా నీకు? నేను వద్దనుకున్నాక నువ్వెవడివిరా?”

“నువ్వు వద్దనుకున్నావు బావా,” అన్నాడు వాడు పళ్లు బిగించి. “నాకు వద్దనిపించలేదు.”

కబురు అందుకున్న మేస్త్రి భార్య క్యారియర్ పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. కబురు చెప్పినవాడు మిల్లులో వేలు పోయిందన్నాడు తప్ప ఎవరిదో చెప్పలేదు. వార్డులో మంచం మీద తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కట్టు చూసింది. పగిలిన పెదవి చూసింది. పక్కనే స్టూలు మీద తల వంచుకు కూర్చున్న మొగుణ్ణి చూసింది. ఆయన పిడికిలి తోలు లేచి ఉంది.

“మీరేనా?”

“మొహం నేనే,” అన్నాడు మేస్త్రి. “వేలు కాదు.”

“వేలు నేనే కోసుకున్నానక్కా.”

ఆమె క్యారియర్ కింద పెట్టి, తమ్ముడి దగ్గరకెళ్లి, వాపు లేని చెంప వెతికి మరీ ఒకటి కొట్టింది. పక్క మంచంవాడు దుప్పటి కప్పుకున్నాడు.

“ఇన్నేళ్లూ ఒక్క ఫోను చెయ్యడానికి నీకు వేళ్లు లేకపోయాయా? అప్పుడు పదీ ఉన్నాయిగా. ఆఫీసు నిండా ఫోన్లేగా.”

వాడు ఆమె భుజానికి నుదురు ఆనించాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, మొగుడి వైపు తిరిగింది. ఆయన కొట్టించుకోవడానికి వీలుగా మరికాస్త వంగాడు.

“మీ సంగతి ఇంటికెళ్లాక,” అంది.

తెచ్చిన తిండంతా ముద్దలు చేసి తమ్ముడికే పెట్టింది. పగిలిన పెదవి మంటకు వాడు ఒక్కో ముద్దకూ మూలుగుతున్నాడు, అయినా నోరు తెరుస్తూనే ఉన్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినని మేస్త్రి ముద్దలు పెట్టే ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. చివరి గిన్నె ఖాళీ అయింది. ఆమె గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి ఆయన ఒళ్లో పెట్టింది.

“కడుక్కు రండి. రాత్రికి మళ్లీ ఇద్దరికీ తేవాలి.”

మేస్త్రి లేచాడు. వరండా చివర కుళాయి దగ్గర ఆడవాళ్ల వరసలో వెనక నిలబడి తన వంతు కోసం చూశాడు.