ఇంట్లో కొట్టిన పెట్రోలు టాంకీ

పొద్దున మా మోటార్ సైకిల్ మీద వెళ్లిన బావ సాయంత్రం బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. బావంటే నా భర్తకు అన్న. సత్తుపల్లి వైపు వ్యవసాయం. చుట్టపుచూపుగా మా ఇంటికి వచ్చి, భద్రాచలం దవాఖానాలో తెలిసినవాళ్లను చూసొస్తానని చెప్పి బండి తీసుకెళ్లాడు. బండేదని అడిగితే, కాళ్లు కడుక్కుంటూ, "వస్తదిలే" అన్నాడు. అంతే. తర్వాత అన్నం తిన్నాడు, చారు బాగుందన్నాడు, పడుకున్నాడు. తెల్లారేసరికి ఊరెళ్లిపోయాడు.

అసలు సంగతి మర్నాడు నా భర్తకు ఒక లారీ డ్రైవర్ చెప్పాడు. బావ దవాఖానాకు వెళ్లనే లేదు. కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి ద్వారబంధాలు కావాలి. అడవిలో ఎవరో కోసి ఉంచిన టేకు చెక్కలు బండికి అటూ ఇటూ కట్టి, పైన గోనెసంచులు కప్పుకుని వస్తుంటే అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఈయన బండిని అక్కడే పడేసి, చేలకు అడ్డంపడి పారిపోయాడు. బండి నా భర్త పేరు మీద ఉంది. కాబట్టి దొంగ నా భర్తే అయ్యాడు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు మేం సారపాకలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నా భర్త లారీలు బాగుచేసే షెడ్డులో వెల్డర్. నేను అడవి గూడేలకు వెళ్లే నర్సును. రోజూ పొద్దున్నే ఆయన నన్నూ, నా టీకాల ఐసు డబ్బానూ బండి మీద గూడెం దగ్గర దింపి, అటు నుంచి అటే షెడ్డుకు వెళ్లేవాడు. ఆ బండి మాకు షికారుకు కొనుక్కున్నది కాదు. అది ఉంటేనే నా ఉద్యోగం ఉద్యోగంలా సాగేది.

బండిని అటవీశాఖ వాళ్లు పట్టుకుపోయారు, వానలు మొదలయ్యాయి. బస్సు తారురోడ్డు దాకే. అక్కడి నుంచి బురద, వాగు, మళ్లీ బురద. నేను చేరేసరికి డబ్బాలో ఐసు నీళ్లయిపోయి, పనికిరావని టీకాలు పక్కన పెట్టేసిన రోజులున్నాయి. చంకలో పిల్లలతో అప్పటికే వరసగా నిలబడ్డ తల్లులకు, ఇవాళ సూది లేదని, నాకు వచ్చిన ఆ కాస్త కోయ మాటల్లో చెప్పాలి. వాళ్లు నన్ను ఏమీ అనేవాళ్లు కాదు. అంటే బాగుండేది.

ఆ వానల్లోనే ఒక కాన్పు. కబురు అందగానే బయలుదేరాను. బస్సు కోసం నిలబడి, బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి వెళ్లేసరికి బిడ్డ పోయింది. మెడకు పేగు చుట్టుకుంది. తల్లికి రక్తం ఆగడం లేదు. ఆమెను మంచం మీద మోయించుకుంటూ రోడ్డెక్కించి, దొరికిన లారీలో దవాఖానాకు చేర్చాం. ఆమె బతికింది. బండి ఉండుంటే బిడ్డ కూడా దక్కేదా అంటే ఇప్పటికీ చెప్పలేను. కానీ మెడకు పడ్డ పేగును తప్పించడం నాకు చేతనైన పని. నేను అక్కడ ఉండాల్సిన వేళకు ఉండి, ఆ పని చేసి చూసేదాన్ని. ఆ వీలు లేకుండా చేసిన మనిషి ఆ రోజుల్లో తన కొత్తింటికి సున్నం వేయించుకుంటున్నాడు.

ఇంట్లో ఈ మాట ఎత్తితే అత్తకు గిట్టేది కాదు. మా అత్త మా దగ్గరే ఉండేది. "ఇంటికి కర్ర తెచ్చుకుండు, ఎవల కొంప ముంచిండు" అనేది. నేను కొంపల లెక్క చెప్పబోతే నా భర్త లేచి బయటికి వెళ్లిపోయేవాడు. షెడ్డు మానుకుని బండి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయన, అరుగుల మీద పడిగాపులు పడింది ఆయన, అయినా అన్న గురించి ఒక్క మాట నోట రానిచ్చేవాడు కాదు. నాకు అన్న మీద ఎంత కోపమో, ఈ మౌనం మీదా అంతే కోపంగా ఉండేది.

వానలు వెనకపట్టాక బండి వదిలిపెట్టారు. ఆరుబయట, గడ్డి మొలిచిన చోట, పక్కకు ఒరిగి ఉంది. పెట్రోలు టాంకీ మూత ఎవరో పట్టుకుపోయారు. ఆ ఏటి వానంతా అందులోకే కురిసింది. మిగతా బండిని నా భర్త తుడిచి, నూనె పెట్టి దారికి తెచ్చాడు. టాంకీ మాత్రం అడుగంతా తుప్పు తినేసింది. వేలు పెట్టి నొక్కితే వేలు లోపలికి పోయింది. అతుకు వేద్దామంటే అతుకు పట్టడానికి ఇనుము మిగల్లేదు. ఖమ్మం వెళ్లి దుకాణాలన్నీ అడిగొచ్చాడు. ఆ రకం బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, టాంకీ దొరకదన్నారు. బావకు కబురు పెడితే, ఒక డబ్బా కోసం ఇంత లొల్లి ఏందని తిరుగు కబురు వచ్చింది.

ఆ మాట విన్న రోజే నేను నా భర్తతో అన్నాను, టాంకీ మనమే చేద్దాం, తుప్పు పట్టనిదాంతో చేద్దాం అని.

"అల్యూమినియం నేనెన్నడు అతకలే" అన్నాడు. "ఇనుము లెక్క ఎర్రబడి చెప్పదది. చూస్తుండంగనే కారిపోతది."

"కారిపోతే మళ్ల చెయ్యి" అన్నాను.

ఖమ్మంలో పెద్ద వంట డేగిశాలు చేసేవాళ్ల దగ్గర అల్యూమినియం రేకు కొనుక్కొచ్చాడు. నేను మందుల అట్టపెట్టెలు విప్పి తెచ్చాను. పాత టాంకీ మీద ఆ అట్టలు ఆనించి, వంపు వంపుకూ కత్తిరించి నమూనాలు చేశాం. బట్టలు కుట్టేటప్పుడు చంక దగ్గర గుడ్డ ఎలా తిరుగుతుందో నాకు తెలుసు, అందుకని అట్టలు కత్తిరించడం నా వంతయింది. పెరట్లో గోనెసంచిలో ఇసుక నింపి, మూతి బిగించి కట్టాం. చింత మొద్దుతో ఆయన ఒక చెక్క సుత్తి చెక్కుకున్నాడు. రేకు మీద బట్టల సబ్బు రుద్ది కింద నుంచి మంట చూపిస్తే, సబ్బు గోధుమరంగు తిరిగి నల్లబడుతుంది. అప్పుడు మంట తీసేయాలి. చల్లారాక రేకు మెత్తగా లొంగుతుంది. కొడుతూ పోతే మళ్లీ బిగుసుకుంటుంది. మళ్లీ సబ్బు, మళ్లీ మంట.

ఆయన షెడ్డు నుంచి వచ్చాక, చీకటి పడేలోపు కొట్టేవాళ్లం. ఒకరు రేకును ఇసుక సంచి మీద తిప్పుతూ ఉంటే ఇంకొకరు కొట్టాలి. మొదట్లో నేను సుత్తి పట్టుకుంటే మా బావ మొహమే కనిపించేది. బలం కొద్దీ బాదేదాన్ని. ఒక పక్క రేకు పల్చబడి చిరిగింది. నా భర్త దాన్ని వెలుగుకు పెట్టి చూపించి, గట్టిగా కొడితే రేకు వంపు తిరగదు, చిరిగిపోతుందన్నాడు. ఆ ముక్క పక్కన పెట్టేశాం. తర్వాత నెమ్మదిగా కొట్టడం నేర్చుకున్నాను. కోపం తగ్గి కాదు. ఆ రేకు నాకు కావాలి కాబట్టి.

అత్త చెవుల్లో గుడ్డలు పెట్టుకుని వంటింట్లో కూర్చునేది. ఇంటి యజమానులు వచ్చి, ఇల్లు కంచర్ల కొలిమి అయిందని సణిగి వెళ్లారు.

అతకడానికి గ్యాసు బండలు షెడ్డు యజమానిని అడిగి సెలవు రోజున ఇంటికి తెచ్చాడు. మూతకూ, పెట్రోలు దిగే నల్లాకూ కావలసిన ముక్కలు అప్పటికే లేత్ మీద తిప్పించి ఉంచాడు. అదే రేకులోంచి సన్నటి పట్టీలు కోసి, అతుకు కడ్డీల్లా వాడాడు. టాంకీ అడుగుకు వేసిన మొదటి ముక్క ఆయన చెప్పినట్టే అయింది. తెల్లగానే ఉండి, ఉన్నట్టుండి వెన్నలా జారి నేలమీద పడింది. ఆయన మంట ఆర్పి, కళ్లద్దాలు తీసి, గోడకు చేరగిలబడ్డాడు. నేను ఓదార్చలేదు. ఇంకో ముక్క కత్తిరించడానికి అట్ట తీశాను. ఆయన అప్పుడు మొదటిసారి, ఎటో చూస్తూ, "మా అన్న లంగ పని చేసిండు, దొంగ పని" అన్నాడు. నేను అట్ట కత్తిరిస్తూనే ఉన్నాను గానీ, చెయ్యి కాస్త తేలికపడింది.

రెండో అడుగు ముక్క నిలబడింది. అతుకులు గొంగళిపురుగులు పాకినట్టు వంకరటింకరగా వచ్చాయి, కానీ పట్టాయి. అతికేటప్పుడు చల్లిన పొడి మిగిలితే రేకును తినేస్తుందని వేడినీళ్లతో కడిగి కడిగి పెట్టాం. తర్వాత సైకిల్ పంపుతో లోపలికి గాలి కొడుతూ, పైన సబ్బు నురుగు పూస్తూ, బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తున్నాం.

అదే సమయానికి బావ వచ్చాడు. గృహప్రవేశానికి పిలవడానికి. పెరట్లోకి వచ్చి టాంకీని చూసి నవ్వాడు. తమ్ముడి పనితనం మెచ్చుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అయిందేదో అయింది మరదలా. మీ టాంకీ మీకొచ్చింది గద. ఇగ మనసుల పెట్టుకోకు" అన్నాడు.

నేను నురుగు చేతులతోనే లేచి నిలబడ్డాను. గూడెంలో కాన్పు సంగతి అంతా చెప్పాను. బస్సు, వాగు, పేగు, మంచం మీద మోసుకెళ్లిన తల్లి. గొంతు పెంచకుండానే చెప్పాను. ఆయన నా భర్త వైపు చూశాడు, ఆపమన్నట్టు. నా భర్త పంపు కొట్టడం ఆపలేదు.

"టాంకీ మేం చేసుకున్నం బావా" అన్నాను. "ఆ బిడ్డను ఎవలు చేస్తరు?"

"నాకేం ఎరుక, గట్ల అయితదని" అన్నాడు.

"ఎరుక లేదు. బండి లేక మేమెట్ల ఉన్నమో అడగను గూడ అడగలే."

అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి, పెద్దోడితో అట్లానా మాట్లాడేదని నన్ను కసిరింది. బావ అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. గృహప్రవేశానికి అత్తను నా భర్త బస్సెక్కించాడు. మేం వెళ్లలేదు.

లారీ ట్యూబు ముక్కలు అడుగున పరిచి టాంకీని బండికి బిగించాడు. రంగు వేయలేదు. సుత్తి దెబ్బలన్నీ కనిపించేవి. బండి మీద గిన్నె బోర్లించారని షెడ్డులో నవ్వుకున్నారట. ఎండలో వెళ్తే కళ్లు చెదిరేవి. కొన్నాళ్లకు ఒక అతుకు చిట్లి కారింది, విప్పి మళ్లీ అతికాడు. అంతకు మించి ఇబ్బంది పెట్టలేదు. నాకు బదిలీ అయి ఖమ్మం వచ్చేదాకా అదే బండి మీద గూడేలకు వెళ్లాను.

బావ తర్వాత వస్తూ పోతూనే ఉన్నాడు. బండి ఎప్పుడూ అడగలేదు. ఆ తల్లి ఎలా ఉందనీ అడగలేదు. ఏళ్ల తర్వాత వాళ్లింట్లో ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లకు నన్ను చూపిస్తూ, "మా మరదలికి కోపమెక్కువ" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు.

"అవ్, ఎక్కువే" అన్నాను. నేను నవ్వలేదు. గరిటెతో ఆయన విస్తట్లో పప్పు వేసి పక్క మనిషి దగ్గరికి కదిలాను.